పులినత్తల కాపలా

వండుకోడానికి పనికిరాని చేపని ఇంట్లో పెట్టుకుని, పైపెచ్చు దానికి మనమే వేళకి వడ్డించడం అనే దిక్కుమాలిన వ్యవహారం నేను యాభై దాటాక చూశాను. మాది భోగాపురం అవతల సముద్రపొడ్డు ఊరు. మా నాన్న తెప్ప మీద వేటకి వెళ్ళేవాడు, మా అమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళ మీద తిరిగేది. మా ఇంట్లో చేపంటే మూడే రకాలు. అమ్మేది, వండేది, ఎండబెట్టేది. కూర్చుని చూసే చేప ఒకటుంటుందని చెప్పి ఉంటే మా అమ్మ నా నుదుటి మీద చెయ్యేసి జ్వరం చూసి ఉండేది.

ఆ నాలుగో రకాన్ని మా ఇంటికి తెచ్చిన ఘనుడు మా ఆయన. నేను మావ అని పిలుస్తాను, ఇక్కడా అలాగే రాస్తాను. మావది మా ఊరికి రెండూళ్ళ ఇవతల వ్యవసాయం చేసుకునే కుటుంబం. ఉప్పునీళ్ళ పిల్లని చేసుకున్నాడని వాళ్ళవాళ్ళు కొన్నాళ్ళు మూతులు ముడుచుకున్నారు, తర్వాత నా చేపల పులుసు తిని మూతులు విప్పారు. ఎయిర్‌పోర్టు వచ్చినప్పుడు మావ భూమి దాని కింద పోయింది. ఇష్టపడే ఇచ్చాడు. విజయనగరంలో ఇల్లు కట్టుకున్నాం. ఆ ఏడుపేమీ లేదు. కాని పొలం పోయాక ఆ మనిషికి పొద్దు గడవడం మానేసింది. తెల్లారకుండానే లేచి, చొక్కా తొడుక్కుని, ఎక్కడికీ వెళ్ళక్కర్లేదని అప్పుడు గుర్తొచ్చి, వీధి అరుగు మీద కూలబడేవాడు.

అంతకంటే పెద్ద బాధ ఒకటుంది. మావకి ఒక అప్ప. మా వైపు అక్కని అప్ప అంటాం. నాకు వదిన. పాతపట్నం ఇచ్చారు. కోతలయ్యాక కొత్త పంట అందరికంటే ముందు ఆడపడుచు గుమ్మం ఎక్కాలని వాళ్ళింటి కట్టుబాటు. పండిన ఏడాది బస్తా బియ్యం, పండని ఏడాది గుప్పెడు పెసలు. ఎంతైనా సరే, తమ్ముడి చేతి మీద పండిందై ఉండాలి. భూమి పోయిన ఏడాది మావ బజార్లో బియ్యం బస్తా కొని పట్టుకెళ్ళాడు. వదిన బస్తా మూతి చూసింది, కుట్టు చూసింది.

"కొన్న బియ్యం మా ఊరి కొట్లో దొరకవేటిరా?" అని, అదే ఆటోలో తిప్పి పంపించింది.

ఆ రోజు నుంచి మావకి ఒకటే పాట. "నా సేతి మీద ఏదో ఒకటి పండాలే. అప్పకి పంపాలే." మేడ మీద కుండీల్లో వంకాయ వేశాడు, కోతులు తిన్నాయి. పుట్టగొడుగులు వేశాడు, ఆ వాసనకి ఎదురింటావిడ తలుపులేసుకుంది. బాతుల్ని పెంచుతానన్నాడు, అప్పుడు నేను తలుపేశాను.

ఇలా ఉండగా ఎవరిదో గృహప్రవేశానికి వెళ్ళి అక్కడ చేపల తొట్టె చూశాడు. అందులో రెక్కలు వేలాడేసుకుని తిరిగే రెండు పల్చటి చేపలు. ఏంజెల్ చేపలట. ఆ ఇంటాయన, జంట కుదిరితే అవి గుడ్లు పెడతాయి, పిల్లలు చేస్తాయి, పెంచి పదిమందికీ పంచుకోవచ్చు అన్నాడట. పదిమందికీ పంచుకోవచ్చు అన్న ముక్క మావ చెవిలో పడ్డాక ఇంకేముంది! వారం తిరక్కుండా మా హాల్లో అంత పొడుగు తొట్టె వెలిసింది. లైటు, మోటారు, ఇసక, నీటి మొక్కలు, మధ్యలో ఆ జంట.

"దీన్ని తింటారేటి మావా?"

"తినరు."

"మరేటి సేస్తారు?"

"సూస్తారు."

"సూస్తే కడుపు నిండుతాదేటి?"

"నువ్వు ఊరుకోయే. ఇది పంట."

పంటట! అరచెయ్యంత చేప, దాంట్లో సగం తోక.

మావ ఆ తొట్టెని ఎలా చూసుకున్నాడో చెప్పాలంటే వాళ్ళ భూముల సంగతి చెప్పాలి. వాళ్ళవి ఎదల భూములు. కాలువ లేదు, చెరువు అందదు. వాన పడగానే దున్ని, ధాన్యం నేల మీద నేరుగా జల్లేసి, ఆకాశం వైపు చూసి దణ్ణం పెట్టి ఇంటికి వచ్చేస్తారు. జల్లేటప్పుడు లెక్కకి పైన ఇంకో గుప్పెడు జల్లుతారు. పిట్టకో గుప్పెడు, పురుక్కో గుప్పెడు అని మా మావగారి మాట. మొలిచింది మొలుస్తుంది, పోయింది పోతుంది. తరాల తరబడి అలా జల్లిన చెయ్యి అది. తొట్టె అమ్మిన షాపాయన చేపలకి చిటికెడు మేత వెయ్యమంటే చిటికెడెలా వేస్తుంది? పొద్దున గుప్పెడు, సాయంత్రం గుప్పెడు, మధ్యాహ్నం నిద్ర లేచాక పుణ్యానికి ఇంకో గుప్పెడు. చేపలు తిన్నంత తినేవి, మిగతాది ఇసక మీద నానుతూ పడి ఉండేది.

ఇక నత్తలు రాకేం చేస్తాయి? షాపాయన ఇచ్చిన నీటి మొక్కల వేళ్ళలో ఒకటో రెండో వచ్చాయి, గోధుమ గింజంత నత్తలు. రెండు నెలల్లో అద్దం నిండా అవే. అద్దానికి జిగురు ముద్దలు ముద్దలుగా గుడ్లు అంటించుకుంటూ పోయేవి. వాటికి మగా ఆడా తేడా కూడా లేదట, ఏదైనా పెట్టేస్తుందట. ఉచితంగా తిండి, పగలంతా లైటు, పని చెప్పేవాడు లేడు. మా చుట్టాల్లో కొందరు అల్లుళ్ళు కూడా ఇలాగే బలిశారు.

అప్పుడే ఏంజెల్ జంట తొలిసారి గుడ్లు పెట్టింది. వెడల్పాటి ఆకు మీద వరసలు వరసలుగా, సన్న సగ్గుబియ్యం అంటించినట్టు. మావ ముక్కాలిపీట వేసుకుని ఆ ఆకు ముందు కూర్చున్నాడు. నాకు పెళ్ళిచూపులప్పుడు కూడా ఆ మనిషి అంత సేపు నన్ను చూడలేదు. రెండో రోజుకి ఆకు ఖాళీ. సగం ఆ తల్లీతండ్రులే మింగాయని నేను నా కళ్ళతో చూశాను, చెప్పాను కూడా. మావ వినలేదు. ఆకు మీద నాలుగు నత్తలు పాకుతూ కనబడ్డాయి కదా, దొంగలు దొరికిపోయారు అన్నాడు.

అక్కడి నుంచి మా ఇంట్లో నత్తల మీద యుద్ధం. చేత్తో ఏరాడు. ఏరినన్ని మళ్ళీ వచ్చేవి. క్యాబేజీ ఆకు ఉడకబెట్టి సాయంత్రం తొట్టెలో వేసి, దాన్ని పట్టుకున్న నత్తలతో సహా పొద్దున తీసేవాడు. క్యాబేజీ కూరకి లేకుండా పోయింది గాని నత్త తగ్గలేదు. "మేత తగ్గించు మావా, అవే పోతాయి" అన్నాను. "నోరున్నదానికి తిండి తగ్గించమంటావేటి?" అని నన్ను రాక్షసిని చూసినట్టు చూశాడు. "పోనీ అన్నీ తీసియ్యి, వేపుడు సేస్తాను" అన్నాను. మా ఊళ్ళో నత్తగుల్లలు తింటాం, అందులో సిగ్గేమీ లేదు. దానికీ అదే చూపు.

షాపాయన మందు ఇస్తానన్నాడు. నీళ్ళలో కలిపితే నత్తలు చస్తాయట. మావ ససేమిరా అన్నాడు. పురుగుమందు కొట్టిన చేతులు అవి, దాని సంగతి తెలుసు. పురుగు చచ్చాక ఇంకేం చస్తుందో ఎవడూ చెప్పడని అనేవాడు. అప్పుడా షాపాయన గడ్డం గోక్కుని, ఇంకో దారి ఉంది, నత్తల్ని తినే నత్తలు ఉన్నాయి, తెప్పిస్తాను అన్నాడు. మావ కళ్ళు వెలిగాయి. వ్యవసాయం వాళ్ళు ఊళ్ళో మీటింగులు పెట్టి, పురుగుని తినే పురుగులు ఉంటాయి, అవి రైతుకి మిత్రులు అని చెప్పినవన్నీ గుర్తొచ్చాయి. నాకు మాత్రం ఆ షాపాయన్ని చూస్తే ఒళ్ళు మండింది. మొక్కలతో నత్తల్ని అంటగట్టిందీ వీడే, ఆ నత్తల్ని తినే నత్తల్ని అమ్మేదీ వీడే. గిల్లి జోల పాడడం అంటే ఇదే.

అయిదు నత్తలు బస్సు పార్సిల్లో వచ్చాయి, పొట్లంలో నాచు మధ్య. వేలి గోరంత పొడుగు, కోసుగా తిరిగిన గుల్ల, పసుపు మీద నల్ల చారలు. షాపాయన వాటికి హంతక నత్తలని ఏదో ఇంగ్లీషు పేరు చెప్పాడు. మావ పులినత్తలు అన్నాడు. నాకైతే దసరాకి పులివేషం కట్టి వీధిలో చందాలు అడిగే బాపతులా కనబడ్డాయి. నీళ్ళలో వేయగానే ఏం చేశాయనుకున్నారు? ఇసకలోకి దూరి పడుకున్నాయి. ఒక రోజు, రెండు రోజులు, ఉలుకూ పలుకూ లేదు.

"బలే పులులు మావా. ప్రయాణం బడలికేమో, కాఫీ పెట్టమంటావా?"

"నువ్వు ఊరుకోయే."

మూడో నాటి సాయంత్రం తొట్టె లైటు ఆపాక ఇసకలోంచి సన్న తొండం ఒకటి బైటికి వచ్చింది. నీళ్ళలో అటూ ఇటూ ఊగి వాసన చూసింది. తర్వాత పులి లేచింది. ఎదురుగా ఒక గోధుమ నత్త తన మానాన తాను అద్దం నాకుతోంది. ఇది దాని వెంట పడింది. నేను వేట చూసిన దాన్నండీ. అలల్ని దాటి తెప్ప లోపలికి వెళ్ళడం చూశాను, అలివి వల లాగుతుంటే ఊరు ఊరంతా తాడు పట్టుకోవడం చూశాను. ఇదీ ఒక వేటేనా? ఇద్దరు ముసలాళ్ళు పింఛను కోసం లైన్లో తోసుకున్నట్టుంది. జానెడు దూరానికి పావుగంట. అయినా పట్టుకుంది. గుల్ల మూతిలో ఆ గొట్టం దూర్చి, కదలకుండా కూర్చుని, జుర్రేసింది. తెల్లారి చూస్తే ఖాళీ గుల్ల.

నేను నవ్వడానికే కూర్చున్నాను గాని చివరిదాకా లేవలేదు. ఆ సంగతి మావకి చెప్పలేదు.

అలా కొన్ని నెలలు నడిచింది. ఇసక మీద ఖాళీ గుల్లలు పెరిగాయి, అద్దం మీద నత్తలు తగ్గాయి. మావ వచ్చినవాళ్ళందరికీ కలుపు తీసిన చేను చూపించినట్టు చూపించేవాడు. పులినత్తలు కూడా ఒకటీ అరా పిల్లల్ని చేశాయి, మిరియపు గింజంతవి ఇసకలో కనబడేవి. ఒకరోజు తొట్టె అంతా వెతికినా గోధుమ నత్త ఒక్కటి దొరకలేదు. ఆ రాత్రి మావ రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

"ఇంక గుడ్లెడితే సాలు. ఈసారి అప్పకి పంపుతాను."

"మీ అప్ప దీన్ని సూసి, ఏ పులుసులో ఏసుకోవాలిరా అంటాది."

"అననీ."

ఆ అననీ అన్నప్పుడు మావ మొహం చూశాను. వేళాకోళం కాదు, నిజంగానే ఆ మనిషి ఆశ అంతా ఆ తొట్టెలో పెట్టుకున్నాడు. నాకు జాలేసింది. జాలేస్తే నాకు కోపం వస్తుంది, అందుకని వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు గట్టిగా తోమాను.

వదిన కళ్ళ డాక్టరుకి చూపించుకోడానికి వచ్చిన రోజే ఏంజెల్ జంట మళ్ళీ గుడ్లు పెట్టింది. కావాలని ముహూర్తం చూసుకున్నట్టు. వదిన నోటి గురించి ఒక్క మాట చెప్పాలి. ఆవిడ పెళ్ళికి వెళ్ళినా చావుకి వెళ్ళినా కూర బాగోలేదనే వస్తుంది. కళ్ళు చూపించుకుని, అద్దాలు చేయమని చెప్పి, మా ఇంటికి వచ్చి నలభై నిమిషాలు నీళ్ళు బాగోలేవు, గాలి బాగోలేదు, మెట్లు ఎత్తు అని చెప్పి, తొట్టె ముందు కుర్చీలో కూలబడింది. మావ చిన్నపిల్లాడిలా ఆకు చూపించాడు, గుడ్లు చూపించాడు. పిల్లలైతే తొలి వాటా ఆవిడకే అని మాత్రం చెప్పలేదు, చెబితే దిష్టి తగులుతుందని. కళ్ళద్దాలు తయారయ్యాయని షాపు నుంచి ఫోను వస్తే తేవడానికి బయల్దేరాడు.

"అప్పా, కాస్త సూస్తుండు. నత్తలేవీ నేవులే, ఉన్నయ్యి మన పులినత్తలే. ఆటికి భయం నేదు, అయ్యే కాపలా" అని చెప్పి వెళ్ళాడు.

నేను వంటింట్లో వదిన కోసమే వంజరం ముక్కలు కడుగుతున్నాను. గంటకి పైనే పట్టింది మావ రావడానికి. వచ్చి, అద్దాల పెట్టె వదిన చేతికిచ్చి, తొట్టె వైపు వంగి, అలాగే ఉండిపోయాడు. చెయ్యి తుడుచుకుంటూ నేనూ వెళ్ళాను. ఆకు మీద మూడు పులినత్తలు. చిన్నా పెద్దా. గుడ్లుండే చోట వెనకాల నున్నగా నాకిన పచ్చటి దారి. తల్లి చేప పొడుస్తోంది పాపం, గుల్ల మీద పొడిస్తే ఏమవుతుంది? తినడానికి గోధుమ నత్తలు మిగల్లేదు కదా, ఆకలికి అవి దొరికినదాని మీద పడ్డాయి.

"అప్పా, ఇయ్యి ఎక్కుతుంటే సూసేవా?"

"సూసేను."

"మరి పిలవలేదేటి?"

"కాపలా అన్నావు కదరా. కాపలాకి ఎక్కినాయనుకున్నాను."

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. మావ చెయ్యి నీళ్ళలో పెట్టి ఆ మూడింటినీ తీశాడు. మిగిలిన గుడ్లు పది కూడా లేవు. అవి కూడా మా కళ్ళ ముందే తండ్రి చేప టపటపా ఏరుకుని మింగేసింది. ఎవడో ఎలాగూ తింటాడు, నేనే తింటే పోలా అనుకున్నట్టుంది.

వదినకి అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక ఊరుకునే మనిషైతే వదిన ఎందుకవుతుంది?

"కంచే సేను మేసీసింది కదరా! మీ బతుకులు ఎప్పుడూ ఎదల బతుకులే. జల్లీడం, దణ్ణమెట్టీడం. మా పాతపట్నంలోనైతే నారు ఏరే మడిలో పోసుకుని, కళ్ళల్లో ఒత్తులేసుకుని కాసుకుని, అది నిలదొక్కుకున్నాక అప్పుడు ఊడుస్తాం. ఇత్తనం, పురుగు, పిట్ట అన్నిటినీ ఒక్క మడిలో ఒగ్గీసి పండమంటే పండుతాదేటి? ఒగ్గీరా. నీ సేతిలో ఇంకేటీ పండదు."

మావ తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంటూనే ఉన్నాడు, ఆరిపోయిన చేతిని. అది చూసి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"వదినా, నా మొగుణ్ణి తిట్టడానికి ఇంట్లో నేనున్నాను. నాకు రోజూ అదే పని, నువ్వొచ్చి సాయం సెయ్యక్కర్లేదు. నువ్వు సూస్తుండగా తిన్నాయి అయ్యి. నీకు కొత్త కళ్ళద్దాలు కాదు, ఇంకోటేదో కావాలి!"

వదిన సంచీ సర్దుకుని, వంజరం పులుసు ముట్టకుండా వెళ్ళిపోయింది. ఆ పులుసు వదులుకుందంటే ఎంత అలిగిందో చూసుకోండి. మావ బస్సెక్కించి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. తర్వాత నాలుగు రోజులు తొట్టె వైపు వెళ్ళలేదు. చేపలకి నేనే మేత వేశాను, చిటికెడు. మావ వీధిలోకి చూస్తూ కూర్చుని ఉంటే ఇల్లంతా బోసిగా అనిపించేది. ఆ మనిషి మళ్ళీ నత్తల్ని ఏరుతూ నన్ను విసిగిస్తే బావుణ్ణని నాలో నేను అనుకున్నాను. ఇంతకంటే దిగజారుడు ఏముంటుంది నాకు?

ఆ నాలుగు రోజులూ వదిన మాటలు నా బుర్రలో తిరిగాయి. తిట్టింది తిట్టగా, అందులో ఒక ముక్క నిజం ఉంది. ఆవిడ నోటి నుంచి నిజం రావడం నాకు పరమ అసహ్యం, అయినా నిజం నిజమే. అయిదో రోజు కాఫీ గ్లాసు మావ చేతిలో పెట్టి చెప్పాను.

"మావా, ఈసారి గుడ్లెడితే ఆకు కోసీసి ఏరేగా పెడదాం. నారుమడి."

"తల్లి దగ్గిర తీసీడమేటి, పాపం కదేటి?"

"ఏ తల్లి? తొలి మాటు సగం మింగిన తల్లేనా? కాపలా అన్నావు, తిన్నాయి. తల్లి అంటున్నావు, తింటాది. మీ అప్ప నోరు మంచిది కాదు గాని బుర్ర మంచిదే. పాతపట్నపోళ్ళు సేసింది మనం సెయ్యలేమేటి?"

మావ కాఫీ తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. లేచి వెళ్ళి తొట్టె అద్దం తుడవడం మొదలెట్టాడు.

పులినత్తల్ని తీసి బైట పారెయ్యమన్నాను. దానికి మాత్రం ఒప్పుకోలేదు. "నేనే పిలిసి తెచ్చేను. సెప్పిన పని సేసినాయి. పనైపోయిందని కూలోడికి కూడెట్టకుండా పొమ్మంటామేటి?" అన్నాడు. అని ఏం చేశాడో తెలుసా? షాపాయన దగ్గరికి వెళ్ళి గోధుమ నత్తల్ని అడిగి తెచ్చి, పెరట్లో బక్కెట్లో క్యాబేజీ ఆకులేసి పెంచడం మొదలెట్టాడు, పులినత్తలకి తిండికని. నత్తలు పోవాలని నత్తల్ని తెచ్చి, ఆ నత్తల కోసం మళ్ళీ మొదటి నత్తల్నే పెంచిన మగాడు ఈ ఉత్తరాంధ్ర మొత్తంలో మా మావ ఒక్కడే అయి ఉంటాడు. గరివిడి నుంచి మా అమ్మాయి ఫోను చేసి, నాన్న ఎలా ఉన్నాడు అంటే, పెరట్లో పశువులకి మేత వేస్తున్నాడు అని చెప్పాను.

మళ్ళీ గుడ్లు పెట్టిన రోజు కత్తెర నేనే పట్టాను. మావ గిన్నె పట్టుకున్నాడు. ఆకు తొడిమ దగ్గర కత్తిరించి, గుడ్లు నీళ్ళలోంచి బైటికి రాకుండా గిన్నె ముంచి నీళ్ళతో సహా తీసి, నేను దోసెల పప్పు నానబెట్టే తెల్ల టబ్బులో ఆ తొట్టె నీళ్ళే పోసి అందులో పెట్టాం. గాలి బుడగల గొట్టం దాని పక్కన వేశాం. బూజు పట్టకుండా షాపాయన ఇచ్చిన నీలిమందు రెండు చుక్కలు. తెల్లబడిన గుడ్లని మావ సూదితో ఒక్కొక్కటీ తీసేవాడు. అవి టబ్బులో ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో దోసెల్లేవు.

మూడో రోజు పొద్దున్న ఆకు మీద తోకలు కదిలాయి. వెంట్రుకంత తోకలు. నేనే ముందు చూశాను. చెప్పుకోడానికి సిగ్గు గాని, తట్టల కొద్దీ చేపల్ని లెక్కలేకుండా చూసిన దాన్ని, కంటికి ఆనని నలుసుల్ని చూసి ఓలమ్మో అని కేక పెట్టాను. మావ పరిగెత్తుకొచ్చాడు. చూసి, నా భుజం మీద చెయ్యేశాడు. ఎంత బరువుగా వేశాడో.

తర్వాత అన్నీ బతికాయని అబద్ధం చెప్పను. రోజూ కొన్ని పోయేవి. ఉడికిన గుడ్డు పచ్చసొన పల్చటి గుడ్డలో వడకట్టి, అగ్గిపుల్ల కొసతో ముంచి పెట్టేవాడు మావ. గుప్పెళ్ళతో జల్లిన ఆ చెయ్యే! నేను గ్లాసుతో పాత నీళ్ళు తీసి కొత్త నీళ్ళు పోసేదాన్ని. రెక్కలు వచ్చాయి, చారలు వచ్చాయి. రూపాయి బిళ్ళంత అయ్యేసరికి ఓ ఇరవై మిగిలాయి. పొలంలోనూ ఇంతేనట, జల్లిందంతా పండదట. నాకు చెప్పొచ్చాడు.

వదిన అలిగినా కళ్ళు కళ్ళే కదా, డాక్టరు మళ్ళీ రమ్మన్న రోజుకి రాక తప్పలేదు. ఈసారి మా ఇంటికి రాలేదు. చూపించుకుని తిన్నగా బస్టాండుకి వెళ్ళిపోతున్నానని మావకి ఫోను చేసింది. మావ నాలుగు పిల్లల్ని ప్లాస్టిక్ కవర్లో నీళ్ళు పోసి వేసి, గాలి నింపి, రబ్బరు బ్యాండు బిగించి, ఇంకో కవర్లో పెట్టి బయల్దేరాడు. నేనూ వెళ్ళాను. అడ్డమైన మాట అంటే ఈసారి నడిరోడ్డు మీదే అడిగెయ్యాలని వెళ్ళాను. ఏమంటుందో కూడా ఊహించి జవాబులు సిద్ధం చేసుకున్నాను. తినేవి కావు కదరా అంటుంది, పెంచడానికి మాకు పనుల్లేవేటి అంటుంది, చచ్చినవి తెచ్చావేటి అంటుంది.

వదిన పాతపట్నం బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉంది. మావ లోపలికి ఎక్కి, కవరు రెండు చేతులతో అందించాడు.

"అప్పా, కొత్త పంట."

వదిన కవరు పైకెత్తి వెలుతురుకి పెట్టి చూసింది. కొత్త కళ్ళద్దాలు. నాలుగు పిల్లలూ ఆవిడ మొహం వైపు తిరిగాయి. చాలా సేపు చూసింది. నేను కిటికీ కింద నిలబడి నోరు సిద్ధంగా పెట్టుకున్నాను. ఆవిడ కవరు ఒళ్ళో పెట్టుకుని, ఎండ తగలకుండా చీర కొంగు దాని చుట్టూ కప్పింది. మావ దిగి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

కండక్టరు టిక్కెట్లు కొట్టుకుంటూ వచ్చి, "అమ్మా, ఆ లగేజీ పైన పెట్టు. రష్షుగా ఉంది, నలిగిపోద్ది" అన్నాడు.

వదిన రెండు చేతులూ కవరు మీద వేసి, బస్సంతా వినబడేలా అంది.

"లగేజీ కాదు బాబూ. మా తమ్ముడి సేతి పంట. మా కన్నోరింటి నుంచి పట్టుకెళ్తన్నాను."